తీసిన మేకులు, కట్టిన తాడు

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని తెలుగు ఇళ్లలో ఎద్దు చావుకి రెండు మాటలున్నాయి. సంతలో కొని, నాలుగు కార్తెలు దున్నించుకున్న ఎద్దు అయితే ‘సచ్చింది’. దూడప్పటినుంచి పేరు పెట్టి సాదుకున్న ఎద్దు అయితే ‘పోయిండు’. క్రియ ఒక్కటే మారదు, లింగం కూడా మారుతుంది. “మా రాముడు పోయిండు” అంటే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు మనిషే అనుకుని పలకరించడానికి బయల్దేరతారు. ఇది సిరొంచకే సొంతమైన సంగతి కాదు. పశువు ఉన్న ప్రతి తెలుగు ఊళ్లోనూ ఈ తేడా చెవిన పడుతుంది. కాకపోతే ప్రాణహిత ఒడ్డున తెలుగు మాట్లాడుతూ, మరాఠీలో చదువుకుంటూ, హిందీలో సినిమాలు చూసే చోట ఒక హిందీ పుస్తకాన్ని ఈ తేడా దగ్గర పట్టుకుంటే అది బాగా అర్థమవుతుంది.

ఆ పుస్తకం మహాదేవి వర్మ రాసిన ‘మేరా పరివార్’. అంటే ‘నా కుటుంబం’. 1972లో వచ్చింది. కుటుంబం అని పేరు పెట్టి, లోపల చెప్పింది మాత్రం ఒక నెమలి, ఒక ఉడుత, ఒక జింక, ఒక కుందేలు, ఒక ఆవు, ఒక కుక్క, చిన్ననాటి ముంగిస, మరో కుక్క, ఒక గుర్రం గురించి. మొత్తం ఏడు కథనాలు. ఉడుతకి ‘గిల్లూ’ అని పేరు పెట్టిన సందర్భంలో ఆవిడ వ్యాకరణం మాటే ఎత్తుతారు. జాతివాచకాన్ని వ్యక్తివాచకంగా మార్చామంటారు. గిలహరీ అంటే ఉడుత. దాన్ని గిల్లూ చేయగానే అది ఏదో ఒక ఉడుత కాకుండా పోయింది. ‘సచ్చింది’ నుంచి ‘పోయిండు’ దాకా ఉన్న దూరం సరిగ్గా ఇదే.

మహాదేవి వర్మ 1907లో ఫరూఖాబాద్‌లో పుట్టారు. 1987లో అలహాబాద్‌లో కన్నుమూశారు. జయశంకర్ ప్రసాద్, పంత్, నిరాలాలతో పాటు ఛాయావాదం అనే హిందీ భావకవిత్వ ధోరణికి నాలుగో స్తంభమని హిందీవాళ్లు చెప్పుకుంటారు. 1982లో జ్ఞానపీఠం వచ్చింది. విరహం, కనిపించని ప్రియుడి కోసం ఎదురుచూపు ఆవిడ కవిత్వంలో ఎంత నిండి ఉంటాయంటే, ‘ఆధునిక మీరా’ అని పేరు పడిపోయింది. కవిత్వంలో ఆ ప్రియుడు దేవుడో, మనిషో, వెలుగో తేలదు. వచనంలో ఆ పొగమంచు ఉండదు. అక్కడ ఉడుతకి పాలు ఎలా పట్టాలో, దెబ్బకి ఏ మందు రాయాలో ఉంటుంది. ఆవిడ వచనమే ఎక్కువ కాలం నిలుస్తుందని అనుకునేవాళ్లున్నారు. ఈ వ్యాసం కూడా ఆ పక్షానే మొగ్గుతుంది.

సరిహద్దు తెలుగు పాఠకుడికి ఈ పుస్తకం ఒక వింత దారిలో చేరుతుంది. సిరొంచ, అంకీస, ఆసరల్లి వైపు ఇంట్లో తెలుగే. బడిలో మరాఠీ. హిందీ రెండో భాషగానో మూడో భాషగానో తగులుతుంది. మరాఠీకీ హిందీకీ ఒకటే లిపి కాబట్టి, తెలుగు అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కూడా హిందీ కథ గడగడా చదివేస్తాడు. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురాలోనూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఇదే పరిస్థితి. సీబీఎస్ఈ బడుల్లో అయితే ‘గిల్లూ’ తొమ్మిదో తరగతి హిందీలోనూ, ‘నీలకంఠ్’ ఏడో తరగతిలోనూ చాలా ఏళ్లు పాఠాలు. పాఠం అనేసరికి ఏమవుతుందో తెలిసిందే. ‘లేఖిక జంతుప్రేమను వివరింపుము’ అన్న ప్రశ్నకి పది లైన్ల జవాబు రాసి, మార్కులు వేయించుకుని మర్చిపోతారు. జంతుప్రేమ అన్న ఒక్క మాట కింద పుస్తకం మొత్తం కప్పబడిపోయింది. ఆ మాట తీసి చూస్తే కింద ఉన్నది అంత మెత్తని వ్యవహారం కాదు.

ముందు గిల్లూ సంగతి.

కథ జాజితీగ మీది ఒక పసుపుపచ్చ మొగ్గతో మొదలై, వెంటనే కాకుల దగ్గరికి వస్తుంది. వరండాలో పూలకుండీల చుట్టూ రెండు కాకులు ముక్కులతో పొడుస్తూ ఆడుతుంటాయి. ఆవిడ వాటిని తిట్టరు. కాకి చిత్రమైన పక్షి అంటూ ఒక పక్కదారి పడతారు. ఒకే ప్రాణికి అంత గౌరవం, అంత అవమానం ఎలా దక్కాయి? మన పెద్దలు గరుడపక్షిగానో నెమలిగానో హంసగానో రాలేరు, పితృపక్షంలో మన చేతి ముద్ద కోసం కాకిగానే రావాలి. దూరాన ఉన్న మనవాళ్లు వస్తున్న కబురు కూడా కాకే మోస్తుంది. అయినా ‘కావు కావు’మంటే విసుక్కుంటాం. పెత్రమాస నాడు గోడ మీద ముద్ద పెట్టి, కాకి వచ్చేదాకా ఇంటిల్లిపాదీ పస్తుండే తెలుగువాళ్లకి ఈ పేరా తమ గోడ మీది సంగతే అనిపిస్తుంది. ముద్ద ముట్టకపోతే ‘ఆయనకేదో కోరిక మిగిలిపోయింది’ అని గుసగుసలు పోయేదీ ఇక్కడే.

ఆ కాకులు పొడుస్తున్నది గూట్లోంచి పడ్డ ఉడుతపిల్లని. కుండీకీ గోడకీ మధ్య అతుక్కుపోయి ఉంది. ఒంటి మీద రెండు ముక్కుల గాయాలు. బతకదు, వదిలేయమని అంటారు అందరూ. ఇక్కడి నుంచి వచనం నర్సు రాసే చార్టులా నడుస్తుంది. దూదితో నెత్తురు తుడిచారు. పెన్సిలిన్ ఆయింట్‌మెంట్ రాశారు. దూదిని సన్నని వత్తి చేసి, పాలలో ముంచి నోటికి అందించారు. నోరు తెరుచుకోలేదు, పాలు పక్కకి కారిపోయాయి. కొన్ని గంటల తర్వాత ఒక్క నీటిబొట్టు లోపలికి దిగింది. మూడో రోజుకి అది తన రెండు బుల్లి పంజాలతో ఆవిడ వేలు పట్టుకుంది.

ప్రేమ అన్న మాట ఆ పేజీలో ఎక్కడా వాడాల్సిన పని పడలేదు. వత్తి, బొట్టు, వేలు, ఈ మూడే ఆ పని చేసేశాయి. పెంపుడు ప్రాణుల గురించి రాసేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. ‘నా ప్రాణం’, ‘నా బిడ్డ’ అని మొదలెట్టి, ఆ బిడ్డకి ఏం పెట్టారో, ఎప్పుడు కడిగారో చెప్పడం మర్చిపోతారు. తెలుగులో ‘సాదుకోవడం’ అన్న మాట ఈ విషయంలో చాలా నిజాయితీ గలది. అందులో ముద్దు కన్నా చాకిరీ ఎక్కువ వినిపిస్తుంది. మూడుపూటలా కుడితి పెట్టినవాళ్లే సాదుకున్నామని చెప్పగలరు.

తర్వాత రెండేళ్లు గిల్లూకి ఇల్లు ఒక పూలబుట్ట. లోపల దూది పరిచి, తీగతో కిటికీకి వేలాడదీశారు. ఆవిడ రాసుకుంటుంటే కాళ్ల దాకా వచ్చి, సర్రున తెర పైకెక్కి, మళ్లీ దిగేది. పట్టుకునేదాకా అదే పని. పట్టుకుని ఒక్కోసారి పొడుగాటి కవర్లో పెట్టేవారు. తల ఒక్కటే బయట పెట్టుకుని గంటలకొద్దీ ఆవిడ చేసే పని చూసేది. అన్నం కంచం పక్కన కూర్చుని ఒక్కో మెతుకూ తీసుకుని తినేది. జీడిపప్పు మాత్రం ప్రాణం.

తెలుగువాడికి ఉడుత అనగానే ఉడుతాభక్తి గుర్తొస్తుంది. ఇసుకలో పొర్లి వారధి మీద దులుపుకున్న ఉడుత, వీపున రాముడి వేళ్ల గీతలు. మహాదేవి వర్మ ఆ కథ జోలికే పోరు. అది కావాలని చేసినదో కాదో చెప్పలేం. పోకపోవడం మాత్రం మంచిదైంది. ఉడుత వీపు మీద దేవుడి వేళ్లు ఉన్నాయని మన కథ. మనిషి వేలు ఉడుత పంజాల్లో ఉందని ఆవిడ కథ. ఎవరు ఎవరిని పట్టుకున్నారన్నది తిరగబడింది.

అసలు సంఘటన మొదటి వసంతంలో జరుగుతుంది. బయట ఉడుతలు కిటికీ జాలీ దగ్గరకొచ్చి చిక్ చిక్‌మంటాయి. గిల్లూ లోపలి నుంచి వాటిని చూస్తూ కూర్చుంటుంది. అది గమనించి ఆవిడ మేకులు పీకించి జాలీ ఒక మూల తెరిచారు. అంతే. గిల్లూ ఆ సందులోంచి పొద్దున్నే వెళ్లి, ఉడుతల గుంపుతో కొమ్మ కొమ్మా తిరిగి, సాయంత్రం నాలుగు గంటలకల్లా బుట్టలోకి తిరిగొచ్చేది. ఆ ఒక్క చిన్న పని గురించి పాఠ్యపుస్తకం ప్రశ్నల్లో ‘గిల్లూని ఎందుకు విడుదల చేయాల్సి వచ్చింది?’ అన్న వరస కనిపిస్తుంది. అక్కడ జరిగింది విడుదల కాదు. విడుదల చేస్తే ప్రాణి వెళ్లిపోతుంది, కథ అయిపోతుంది. ఇక్కడ తెరిచింది ఒక మూల మాత్రమే. వెళ్లడానికీ రావడానికీ ఒకటే దారి. ఆ దారి ఉన్నాక కూడా అది నాలుగు గంటలకి వచ్చిందంటే, ఆ రాకకి విలువ వేరు.

అదే పుస్తకంలో సోనా ఉంది. జింకపిల్ల. తల్లిని వేటలో పోగొట్టుకుని వచ్చింది. సీసాతో పాలు తాగి పెరిగింది. ఆవిడ ఉండే ఆవరణలోని హాస్టల్ పిల్లలతో చేరి పరుగులు పెట్టేది. ప్రేమ ఎక్కువైనప్పుడు ఆవిడ తల మీదుగా అటు నుంచి ఇటు దూకేది. ఫ్లోరా అనే కుక్కతో స్నేహం, ఫ్లోరా పిల్లల మధ్య పడక. అంతా బాగున్న ఏడాది వేసవిలో మహాదేవి బదరీనాథ్ యాత్రకి బయల్దేరారు. ఫ్లోరా తనని వదిలి ఉండలేదని వెంట తీసుకెళ్లారు. సోనా ఉండగలదనుకున్నారు.

ఉండలేకపోయింది. హాస్టల్ సెలవులకి ఖాళీ అయింది, కుక్క లేదు, మనిషి లేదు. వెతుక్కుంటూ ఆవరణ దాటి వెళ్లడం మొదలుపెట్టింది. బయట ఎవరైనా పట్టుకుంటారేమో, కొడతారేమో అన్న భయంతో తోటమాలి ఒక పొడుగాటి తాడుతో కట్టాడు. పొడుగ్గా కట్టడంలో కూడా దయే ఉంది, తిరగడానికి వీలుగా ఉండాలని. ఒకరోజు సోనా తాడు సంగతి మరిచి ఎత్తుగా దూకింది. తాడు అయిపోయిన చోట గాలిలోనే ఆగి, తలకిందులుగా నేల మీద పడింది. గంగలో కలిపేశారు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టమని ఆవిడ ఎక్కడా చెప్పరు. కానీ పెట్టకుండా ఉండలేం. ఒకచోట మేకులు పీకిన చేయి, ఇంకోచోట తాడు కట్టిన చేయి. రెండూ ప్రేమతోనే చేసినవి. మేకులు తీసినచోట ఉడుత తన ఆయుష్షు తీరాకే పోయింది. తాడు కట్టినచోట జింక తన స్వభావం వల్లే పోయింది, దూకడం దాని స్వభావం కాబట్టి. ‘మేరా పరివార్’ పుస్తకాన్ని జంతుప్రేమ అన్న మాటతో సరిపెట్టలేకపోవడానికి కారణం ఇదే. పెంచే చేయి ఎక్కడ రక్షణ, ఎక్కడ ప్రమాదం అన్న లెక్క అందులో నడుస్తూనే ఉంటుంది. ఆ లెక్కలో ఆవిడ తనని తాను మినహాయించుకోలేదు. ఇంకో మాట. సోనాని వదిలి వెళ్లింది తీర్థయాత్రకి. భక్తి కోసం వెళ్లిన దారిలోనే ఇంట్లో ప్రేమ నష్టపోయింది. పుణ్యం, నష్టం ఒకే వేసవి ఖాతాలో పడ్డాయి. దాని మీద ఆవిడ వ్యాఖ్యానం చేయకపోవడం ఆ కథలోని గొప్పతనం.

గౌరా కథలో ఆ చేయి ఇంకా దగ్గరకొస్తుంది. గౌరా చెల్లెలింటి నుంచి వచ్చిన ఆవు. ఇన్ని జంతువుల్ని సాకుతున్నావు, పనికొచ్చేదాన్ని ఒక్కటైనా పెంచరాదా అని చెల్లెలు అంటే వచ్చింది. వచ్చిన రోజు మెళ్లో గులాబీల దండ, నుదుట కుంకుమపువ్వు కలిపిన పెద్ద బొట్టు, నాలుగు వత్తుల నేతిదీపంతో హారతి, పెరుగు, దూద్‌పేడా తినిపించడం. విదర్భ వైపు ఉన్నవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. శ్రావణ అమావాస్యకి ఎద్దుల పండగ, పోళా. తెలుగిళ్లలో పొలాల అమాస. ముందురోజు సాయంత్రం ఎద్దుల మెడల మీద కాడి ఒరుసుకున్నచోట నెయ్యి, పసుపు రాసి కాపడం పెడతారు. “ఈరోజు పిలుపు, రేపు భోజనానికి రండి” అని మరాఠీలో వాటి చెవిన పడేలా చెబుతారు. మర్నాడు పూరన్ పోళీ వాటికి పెట్టాకే మనుషులకి. ఏడాది పొడుగునా కాడి మోసినవాడిని ఒక్కరోజు విందుకి పిలవడంలో మొక్కు ఉంది, కొంచెం క్షమాపణ కూడా ఉంది. ఆ మర్నాడు తాన్హా పోళాకి పిల్లలు చెక్క ఎద్దుల్ని లాక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు.

గౌరా ఈనింది. ఎర్రని కోడెదూడ, లాల్‌మణి అని పేరు. రోజుకి సుమారు 12 సేర్ల పాలు. ఇంట్లోవాళ్లకే కాదు, పిల్లులకీ కుక్కలకీ కూడా వాటా. అంతకుముందు ఇంటికి పాలు పోసే మనిషికే పాలు పిండే పని అప్పగించారు. రెండు మూడు నెలల తర్వాత గౌరా మేత మానేసింది. రోజురోజుకీ చిక్కిపోయింది. పశువైద్యులు వచ్చారు, పరీక్షలు చేశారు, ఎక్స్‌రేలు తీశారు. చివరికి తేలింది, ఎవరో సూది తినిపించారని. అది నెత్తురుతో పాటు గుండె దాకా పోయింది. తను పాలు పోసే ఇంట్లోకి ఆవు వస్తే కొందరు పాలవాళ్లు ఇలా చేస్తారని అప్పుడు తెలిసింది, బెల్లంలో పెట్టి ఇస్తారట. గుట్టు బయటపడేసరికి ఆ మనిషి పత్తా లేడు.

మొదటిరోజు నోట్లో దూద్‌పేడా, చివరికి బెల్లం. రెండూ తీపే. రెండూ మనిషి చేతిలోంచి వచ్చినవే. ఆవు రెంటినీ ఒకే నమ్మకంతో తింది. మహాదేవి ఈ పోలిక తేరు. ఆపిల్ రసం పట్టడం, ఇంజెక్షన్లు, ఏమీ తెలియని లాల్‌మణి తల్లి చుట్టూ గంతులేయడం, తెల్లవారుజామున నాలుగింటికి గౌరా పోవడం, వీటిని మాత్రమే వరసగా పెడతారు. గోపాలక దేశమా అని ఒక్క నిట్టూర్పుతో కథ ముగుస్తుంది. గోమాత అన్న మాట మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నవాళ్లకైనా ఆ ఒక్క నిట్టూర్పు గొంతులో సూదిలా దిగుతుంది. హారతి పట్టడం సులువు, పాలు ఎవరు పిండుతున్నారో చూసుకోవడం కష్టం అన్నది అందులో ఉంది.

తెలుగులో ఆవు అంటే సత్యం తప్పని గంగిగోవు. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదంగా చెప్పినదీ అదే. మాట ఇచ్చి, బిడ్డకి పాలిచ్చి, పులి దగ్గరకి తిరిగొచ్చిన ఆవు. అక్కడ ఆవు మాట నిలబెట్టుకుంది, పులి కరిగింది. గౌరా కథలో ఆవు నమ్మింది, మనిషి కరగలేదు. పాత కథలో క్రూరమృగానికి ఇచ్చిన అవకాశం కొత్త కథలో మనిషి వాడుకోలేకపోయాడు.

నీలకంఠ్ సంగతి కాస్త వేరు. అలహాబాద్ నఖాస్‌కోనాలో పక్షులమ్మే బడేమియా దగ్గర ఒక మగ, ఒక ఆడ నెమలి పిల్లల్ని 35 రూపాయలకి కొన్నారు. మగది నీలకంఠ్, ఆడది రాధ. నీలకంఠ్ పాము నోట్లో చిక్కిన కుందేలు పిల్లని కాపాడిన ఘట్టం చదివి తీరాలి. పామును పడగ దగ్గర కాళ్లతో తొక్కిపట్టి, పట్టు సడలేదాకా పొడిచి, ఆ రాత్రంతా కుందేలు పిల్లని రెక్కల కింద వెచ్చగా పెట్టుకుంది. ఆ తర్వాత కాళ్లు విరిగిన మరో ఆడ నెమలిని జాలిపడి 7 రూపాయలకి కొనడంతో అంతా చెడింది. కుబ్జ అని పేరు పెట్టారు. ఎవరితోనూ పడదు, రాధ గుడ్లు పగలగొట్టింది, నీలకంఠ్‌ని మనశ్శాంతిగా ఉండనివ్వలేదు. కొన్ని నెలలకి నీలకంఠ్ ఒక ఉదయం రెక్కలు పరిచి పడుకుని ఉంది. జబ్బు లేదు, దెబ్బ లేదు. ఇక్కడా తెచ్చిపెట్టింది దయే.

ఆవిడ తన శాలువాలో చుట్టి సంగమానికి తీసుకెళ్లారు. నీళ్లలో వదలగానే ఈకల మీది కళ్లు అలల్లో మెరిసి, గంగ వెడల్పంతా ఒక పెద్ద నెమలి పురి విప్పినట్టయిందట. సిరొంచ పాఠకుడు ఇక్కడ ఆగుతాడు. ఈ ఊరి ముందు ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు కాళేశ్వరం. అంతర్వాహినిగా సరస్వతి కూడా ఉందని నమ్మకం, ప్రయాగలో లాగే. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు రెండు ఒడ్లూ జనంతో నిండాయి. అస్థికలు కలిపేదీ, పిండాలు పెట్టేదీ ఇక్కడే. అది మనుషుల కోసం. పెంచుకున్న ప్రాణిని ఎక్కడ కలపాలన్న దానికి మన శాస్త్రాల్లో జవాబు వెతకాలి. మహాదేవి వెతకలేదు, నెమలికీ జింకకీ ఆవుకీ గంగనే ఇచ్చేశారు. పెద్ద ప్రకటనలేమీ లేకుండా, మనుషులకున్న ఘాట్‌ని ఆవిడ మూగజీవాలకి తెరిచారు.

నీలూ, దుర్ముఖ్, నిక్కీల కథలు అంత బరువు మోయవు. హైనా వాత పడ్డ లూసీకి పుట్టిన నీలూ 14 ఏళ్లు బతికిన హుందా కుక్క. దుర్ముఖ్ కోపిష్టి కుందేలు. నిక్కీ చిన్నప్పటి ముంగిస, అందులో బాల్యం ఎక్కువ, నష్టం తక్కువ. లూసీ మంచులో మెడకి సంచి కట్టించుకుని కొట్టుకెళ్లి సరుకులు తేవడం మాత్రం చదివినవాళ్లు మరిచిపోరు.

ఇక విశ్వాసం. తెలుగులో ఈ మాట రెండు పనులు చేస్తుంది. దేవుడి మీద విశ్వాసం, కుక్కకున్న విశ్వాసం. “కుక్కకున్న పాటి విశ్వాసం లేదు” అని మనిషిని తిట్టేటప్పుడు మనం వాడేది గుళ్లో వాడే మాటే. హిందీలో కుక్క గుణానికి వఫాదారీ అనో స్వామిభక్తి అనో వేరే మాటలున్నాయి, విశ్వాస్ అంటే నమ్మకం ఒక్కటే. అందుకే ‘గిల్లూ’ చివరి వాక్యం తెలుగు చెవికి హిందీవాళ్లకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆ చివరి రోజు ఇలా నడుస్తుంది. ఉడుతలు రెండేళ్లకి మించి బతకడం అరుదని ఆవిడే రాస్తారు. ఆ రోజు అది ఏమీ తినలేదు, జాలీ మూల తెరిచే ఉన్నా బయటికి పోలేదు. రాత్రి చావు బాధలో బుట్ట దిగి ఆవిడ పడక మీదకొచ్చింది. చల్లబడ్డ పంజాలతో, మొట్టమొదటి రోజుల్లో పట్టుకున్న ఆ వేలునే పట్టుకుంది. హీటర్ వేశారు, వేడి ఇవ్వాలని చూశారు. పొద్దు పొడిచేసరికి పోయింది. బుట్ట దించేశారు. జాలీ మూల మూసేశారు. అయినా జాలీ అవతల కొత్త తరం ఉడుతలు చిక్ చిక్‌మంటూనే ఉన్నాయి. పసుపుపచ్చ జాజితీగ కింద పాతిపెట్టారు, అదంటే గిల్లూకి ఇష్టమని. ఇంకో కారణం కూడా చెప్పారు. ఏదో ఒక వసంతంలో అది ఒక చిన్న పసుపుపచ్చని జాజిపువ్వై పూస్తుందన్న విశ్వాసం తనకి తృప్తినిస్తుందని.

హిందీలో అది రచయిత్రి విశ్వాసం. తెలుగులో చదివితే అందులోనే గిల్లూ విశ్వాసం కూడా వినబడుతుంది. రెండేళ్ల తర్వాత అదే వేలు వెతుక్కున్న విశ్వాసం. కారు ప్రమాదంలో ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు తలుపు తెరుచుకున్న ప్రతిసారీ బుట్ట దిగి వచ్చి, వేరేవాళ్లని చూసి వెనక్కి పోయిన విశ్వాసం. ఆ రోజుల్లో జీడిపప్పు పెడితే తినకుండా దాచేసింది. తర్వాత బుట్ట శుభ్రం చేస్తుంటే ఆ పప్పులన్నీ బయటపడ్డాయి. పునర్జన్మ మీద ఎవరికి ఎంత నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ పప్పుల్ని కాదనలేం. ఆవిడ విశ్వాసం వేదాంతంలోంచి రాలేదు, ఆ బుట్టలోంచి వచ్చింది.

విమర్శ లేకుండా పొగిడితే ఈ పుస్తకానికి అన్యాయమే. ఇందులో తప్పు జరిగినచోట చాలాసార్లు ముందు కనబడేది పనివాళ్ల చేయి. తాడు కట్టింది తోటమాలి, సూది పెట్టింది పాలవాడు. యజమానురాలి చేయి వెనకాల, మసగ్గా ఉంటుంది. ఆ తోటమాలి వైపు నుంచి సోనా కథ ఎవరైనా రాసి ఉంటే ఎలా ఉండేదో. జింక పోతే యాత్ర నుంచి తిరిగొచ్చే అమ్మగారికి జవాబు చెప్పాల్సినవాడు అతనే కదా. వేటగాళ్లు కూడా ఆవిడ దృష్టిలో వినోదం కోసం చంపేవాళ్లే.

వేటకి ఆకలే కారణమైన చోటు గడ్చిరోలిలోనే ఉంది. భామ్రాగడ్ తాలూకా హేమల్‌కసాలో బాబా ఆమ్టే 1973 డిసెంబరులో లోక్ బిరాదరీ ప్రకల్ప్ అనే ఆదివాసుల సేవా కేంద్రం మొదలుపెట్టారు. కొడుకు ప్రకాశ్ ఆమ్టే, కోడలు మందాకిని ఆమ్టే అక్కడ డాక్టర్లుగా స్థిరపడ్డారు. ఇద్దరికీ కలిపి 2008లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడి ఆదివాసులు మాడియా గోండులు వేట నుంచి తిరిగొస్తూ చచ్చిన కోతిని మోసుకొస్తుంటే, దాని పిల్ల తల్లి రొమ్ముని ఇంకా పట్టుకుని ఉండటం ఆమ్టేలు చూశారు. బియ్యం ఇచ్చి ఆ పిల్లని తెచ్చుకున్నారు. ఆ పిల్లతో మొదలైన అనాథాశ్రమంలో తర్వాత చిరుతలు, ఎలుగుబంట్లు, జింకలు, పాములు చేరాయి. ప్రకాశ్ ఆమ్టే మరాఠీలో రాసిన ‘రాన్‌మిత్ర’, ఆయన సహచరుడు విలాస్ మనోహర్ రాసిన ‘నేగల్’ ఈ ప్రాణుల గురించే. సిరొంచ, అహేరి తెలుగువాళ్లకి ఇవి పక్క తాలూకా పుస్తకాలు, మరాఠీ చదివినవాళ్లకి సొంత పుస్తకాల్లాగే ఉంటాయి.

అక్కడ బియ్యం ఇచ్చి పిల్లని తీసుకున్నారు. ఆ ఒక్క వివరంలో మహాదేవి పుస్తకంలో లేనిదేదో ఉంది. వేటగాడిని దోషిగా నిలబెట్టకుండా, అతని పొయ్యి మీదికి ఏం ఎక్కాలో ముందు చూశారు. ఆమ్టేల పుస్తకాల్లో కవిత్వం తక్కువ, పని ఎక్కువ. వాక్యం కోసం చదవాలంటే మళ్లీ మహాదేవి దగ్గరికే రావాలి. మనిషికీ మృగానికీ మధ్య అన్నం ఉందని తెలియాలంటే హేమల్‌కసా వైపు వెళ్లాలి.

ఇంకొక సంగతి కాకతాళీయమే కావచ్చు. ‘మేరా పరివార్’ వచ్చిన 1972లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వచ్చింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే నెమలి జాతీయపక్షి. ఈరోజు ఎవరైనా జింకపిల్లని సీసాపాలతో పెంచినా, సంతలో నెమలి పిల్లల్ని కొన్నా ఫారెస్టువాళ్లు వచ్చి కేసు రాస్తారు. అడవి ఆనుకుని ఉన్న ఊళ్లలో ఈ టెన్షన్ బాగా తెలుసు. చేలో దొరికిన జింకపిల్లకి పాలు పట్టాలా, బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేయాలా? చట్టం చెప్పేదే సరైనది, సోనా కథే దానికి సాక్ష్యం. దూకే ప్రాణికి ఎంత పొడుగు తాడైనా చాలదు. అయితే ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఉన్న గంటో గంటన్నరో దూది వత్తి పాలలో ముంచేది ఎవరు అన్నది మాత్రం ఏ చట్టమూ రాయలేదు.

‘సోనా’ చదివినవాళ్లు తాడు దగ్గరే ఆగిపోయి, కథ మొదలు ఎలా ఉందో మర్చిపోతుంటారు. అది ఒక ఉత్తరంతో మొదలవుతుంది. పరిచయస్తుల మనవరాలు ఒక జింకపిల్లని పెంచి, అది పెద్దదై తిరగడానికి చోటు చాలక, మీ ఇంట్లో ఉంచుకుంటారా అని అడుగుతుంది. సోనా పోయాక ఇక జింకని పెంచనని మహాదేవి ఒట్టు పెట్టుకున్నారు. ఈ పిల్ల ప్రాణం నిలవాలంటే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టక తప్పదని, మొదటి పేజీలోనే ఒప్పేసుకున్నారు.